హాక్సా బ్లేడు ముక్క

పోయినేడు వానాకాలంలో ఒక రాత్రి పదకొండు గంటలకు మా ఇంటి గ్రిల్ గేటు బయట లుంగీతో నిలబడి ఉన్నాను. చెత్త కవరు కింద పెట్టి వద్దామని వెళ్తూ, అలవాటు కొద్దీ గేటుకి తాళం కప్ప నొక్కేశాను. నొక్కితే పడిపోయే రకం అది, వేయడానికి చెవి అక్కర్లేదు. ఆ చెవి టీవీ పక్కన గిన్నెలో ఉంది, ఫోను ఛార్జింగులో ఉంది, ఇంట్లో వాళ్ళు తెనాలిలో ఉన్నారు. ఎదురింటాయన్ని నిద్రలేపి, ఆయన ఫోనుతో వాళ్ళకీ వీళ్ళకీ చేసి, చివరికి మూసాపేట వైపు రోడ్డు పక్కన గొడుగు వేసుకుని డూప్లికేట్ తాళాలు చేసే ఒకతన్ని పట్టుకున్నాం.

అతను వచ్చి తాళం వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "ఇల్లు మీదేనా సార్?" అన్నాడు. లుంగీలో, సొంత గుమ్మం ముందు, ఆ ప్రశ్న వినడం ఎంత చిరాకుగా ఉంటుందో చెప్పలేను. ఎదురింటాయన "మావాడేనయ్యా, ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు" అని చెప్పేదాకా పెట్టె మూత తీయలేదు. తీశాక గుడ్డ సంచిలోంచి రెండు సన్నటి పుల్లలు తీశాడు. ఒకటి ఎల్ ఆకారంలో వంచినది, ఇంకోటి కొస కాస్త పైకి లేచి ఉన్నది, పిడి దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. మొదటిది చెవి దూరే సందులో కింద పెట్టి చూపుడు వేలితో అలా ఆనించి, రెండోది లోపలికి పోనిచ్చి నాలుగైదుసార్లు కదిలించాడు. నేను మనసులో ముప్పై లెక్కపెట్టేలోపు కప్ప నోరు తెరిచింది.

ఆరొందలు ఇచ్చాను. డబ్బు గురించి బాధ లేదు, అర్ధరాత్రి వచ్చాడు. కానీ ఆ తాళం నేను కోఠీలో నాలుగు కొట్లు తిరిగి, "గట్టిది ఇవ్వండి" అని అడిగి మరీ కొన్నది. దాన్ని నమ్ముకుని వారాలకు వారాలు ఊరెళ్ళాం. "ఈ పుల్లలు ఎక్కడ దొరుకుతాయి భాయ్?" అని అడిగితే నవ్వాడు. "దొరికేదేంది సార్, హాక్సా బ్లేడు ముక్క. రాయి మీద అరగదీసుకున్న."

ఆ రాత్రి నుంచి పట్టుకున్న పిచ్చి ఇది, ఇనుము కోసే రంపం బ్లేడు అరగదీసి పుల్లలు చేయడం, వాటితో చెవి లేకుండా తాళాలు తెరవడం. దీని గురించి మా అమ్మకీ, మా ఆఫీసులో కొందరికీ, ఒక మేనమామకీ విడివిడిగా సంజాయిషీ చెప్పుకుని విసుగొచ్చి, ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నాను.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. పేపర్ క్లిప్పు వంచాను. మా ఆవిడ జడ స్లైడు తీసుకున్నాను. సినిమాల్లో హీరోయిన్ జడలోంచి స్లైడు తీసి జైలు తాళం తెరుస్తుంది కదా, ఆ స్లైడు ఏ లోహంతో చేశారో నాకు తెలియదు గానీ మా ఇంట్లోది మాత్రం లోపలి స్ప్రింగు మీద ఆనించగానే ఉడికిన సేమ్యాలాగా వంగిపోయింది. వంగడమంటే వంగి అలాగే ఉండిపోయింది, తిరిగి లేవలేదు. పాత గొడుగు పుల్ల కొంచెం నయం, కానీ మరీ మందం, సందులో పట్టదు. సైకిల్ చువ్వ సుమారు 2 మిల్లీమీటర్లుంటుంది, సుత్తితో సాగగొడితే ఎల్ పుల్లకి పనికొస్తుంది గానీ లోపల తడిమే పుల్లకి పనికిరాదు.

అప్పుడు బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన బాలానగర్‌లో ముప్పయ్యేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బెంచీ, వైసు, చిన్న గ్రైండరు, అరడజను ఆకురాళ్ళు, ఒక డాల్డా డబ్బా ఉంటాయి. ఆ డబ్బాలో ఏముంటుందంటే, వేరేవాళ్ళు పారేసేదంతా ఉంటుంది. విరిగిన హాక్సా బ్లేళ్ళు, ట్యాపెట్ సెట్టింగుకి మెకానిక్కులు వాడే ఫీలర్ గేజుల్లో ఊడిపోయిన రేకులు, మొండి డ్రిల్ బిట్లు, ఎవరిదో అంబాసిడర్ కారు వైపరు. "ఏరా, బ్లేడు విరిగిందని పారేస్తారా ఎవరైనా? అది ఇనుము కాదురా, ఉక్కు" అన్నాడు. పాత ఇనుప సామాన్ల వాడికి రెండూ ఒకటే, కిలో లెక్క. బాబాయికి కాదు.

హాక్సా బ్లేడంటే మనకి ఒకటే వస్తువు, నిజానికి మూడు రకాలు. 300 మిల్లీమీటర్ల పొడుగు, అరంగుళం వెడల్పు, 0.6 మిల్లీమీటరుకి అటూ ఇటూ మందం, ఇది అన్నిటికీ దాదాపు ఒకటే. తేడా ఉక్కులో ఉంది. చవక బ్లేడు మామూలు కార్బన్ స్టీలు. ఇంకోటి పూర్తిగా హై స్పీడ్ స్టీలు, అది చేత్తో వంచితే కొంతదాకా ఊరుకుని టప్‌మని రెండు ముక్కలై ఒకటి మొహం మీదికి వస్తుంది (కళ్ళద్దాలు పెట్టుకోండి, నేను పెట్టుకోకుండా చేసిన మొదటి రోజు బాబాయి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను). మూడోది బై-మెటల్. పళ్ళున్న అంచు మాత్రమే హై స్పీడ్ స్టీలు, వీపు భాగం స్ప్రింగులాంటి ఉక్కు, రెండూ అతికించి ఉంటాయి. దాన్ని విల్లులా వంచి వదిలితే తిరిగి నిటారుగా నిలబడుతుంది. పళ్ళు అరగదీసేస్తే మిగిలే ఆ వీపే మనకి కావలసింది. మూసాపేట భాయ్ పుల్ల కూడా అదే అయి ఉంటుంది.

ఆకురాయితో మొదలుపెడితే బ్లేడు మీద ఆకురాయి జర్రున జారిపోయింది, ఒక్క రవ్వ ఊడలేదు. గట్టిదాన్ని అంతే గట్టిది కోయదు. గ్రైండరు మీద పెట్టాను. బాబాయి పక్కన ఒక చెంబులో నీళ్ళు పెట్టి, "ఆనించు, ముంచు. ఆనించు, ముంచు. రెండు సెకన్లు దాటావంటే చచ్చిందే" అన్నాడు. నేను మూడో నిమిషంలోనే ఉత్సాహం ఆపుకోలేక ఎక్కువసేపు ఆనించేశాను. కొస దగ్గర రంగు మారడం కళ్ళారా చూశాను. ముందు ఎండుగడ్డి రంగు వచ్చింది, అది చూస్తుండగానే వంకాయ రంగయింది, దాని వెనకే నీలం, ఆ నీలం కూడా కరిగిపోయి బూడిద రంగు మిగిలింది. ఇదంతా ఎంతసేపు, ఒక గుటక మింగేంతసేపు. బాబాయి అది తీసుకుని కొసని బొటనవేలితో నొక్కితే స్లైడులాగే వంగిపోయింది. "అన్నం మెత్తబడిపోయింది" అన్నాడు.

తర్వాత తెలుసుకున్నదేంటంటే ఆ రంగులు థర్మామీటరు లాంటివి. మామూలు కార్బన్ ఉక్కుకి 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 280 దగ్గర వంకాయ, 300 దాటేసరికి నీలం. నీలం రాగానే ఉక్కు పాడైపోయినట్టేనని చాలామంది అంటారు, అది పూర్తిగా నిజం కాదు. స్ప్రింగులకు ఆ నీలం దాకానే కావాలని కాచి తెస్తారు, వంగి లేచే గుణం అక్కడే ఉంటుంది. గడ్డి రంగు దగ్గర ఆపితే గట్టిగా ఉంటుంది గానీ పెళుసు. నీలం దాటితేనే ప్రమాదం. ఇక పూర్తి హై స్పీడ్ స్టీలుకి ఈ లెక్కే పనికిరాదు, అది ఎర్రగా కాలేంత వేడికి కూడా గట్టిదనం వదలదు, అందుకే దానికి ఆ పేరు. ఇదంతా పాలిటెక్నిక్‌లో మెటలర్జీ పేపరులో రాసి పాసైన వాణ్ణే నేను. పాసయ్యాను గానీ ఉక్కు రంగు మారగా చూసింది మాత్రం నలభై ఒకటో ఏట, బాబాయి షెడ్డులో.

మూడు బ్లేళ్ళు తగలేశాక నాలుగోది నిలబడింది. కొస దగ్గర వెడల్పు 2 మిల్లీమీటర్లకు తెచ్చి, మెడ సన్నం చేసి, కొస కొద్దిగా లేచేలా అరగదీసి, 400 నంబరు ఎమిరీ పేపరుతో ఒక గంట, 1000 నంబరుతో ఇంకో గంట రుద్దాను. ఎల్ పుల్లకి వైపరు బ్లేడు విప్పితే రబ్బరు పక్కన రెండు స్టీలు పట్టీలుంటాయి, అందులో ఒకటి చాలు. వైసులో బిగించి నెమ్మదిగా వంచాలి. అంతే. ఖర్చు సున్నా. టైము, మూడు ఆదివారాలు.

ఈ ఎల్ పుల్లని ఇంగ్లీషులో టెన్షన్ రెంచ్ అంటారు, మనకి టెన్షన్ అంటే వేరే అర్థం ఉంది గానీ ఇక్కడ రెండర్థాలూ సరిపోతాయి. చేతిలో టెన్షన్ ఎక్కువైతే లోపల ఏదీ కదలదు.

ఎందుకు కదలదో చెప్పాలంటే తాళం లోపలికి వెళ్ళాలి. మనం ఎక్కువగా వాడే పిన్ను తాళంలో తిరిగే ఒక కడ్డీ, దాని చుట్టూ కదలని ఒక గొట్టం ఉంటాయి. రెండిటినీ కలుపుతూ నిలువుగా ఐదారు రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు పిన్నులు, పైన స్ప్రింగు. సరైన చెవి దూరితే రెండు పిన్నులు కలిసే చోటు ప్రతి రంధ్రంలోనూ సరిగ్గా కడ్డీ అంచుకి వస్తుంది, కడ్డీ తిరుగుతుంది. 1848లో లైనస్ యేల్ అనే అమెరికన్ దీనికి పేటెంటు తీసుకున్నాడు, 1861లో అదే పేరున్న ఆయన కొడుకు మనం ఇప్పుడు జేబులో పెట్టుకునే బల్లపరుపు చెవికి అనువుగా మార్చాడు. అసలు ఊహ మాత్రం ఇంకా చాలా పాతది, ప్రాచీన ఈజిప్టులో కర్రతో ఇలాంటివే చేసుకున్నారు.

ఇప్పుడు కిటుకు. ఆ ఐదు రంధ్రాలూ ఒకే గీత మీద ఉండాలి. కాగితం మీద ఉంటాయి. ఫ్యాక్టరీలో ఉండవు. ఏ డ్రిల్లు వేసినా ఒకటి వెంట్రుకంత ఇటు, ఇంకోటి అటు పడుతుంది. అందుకని కడ్డీని కొద్దిగా తిప్పి పట్టుకుంటే ఐదు పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు, ఒక్కటే ముందు బిగుసుకుంటుంది. దాన్ని వెతికి పట్టుకుని లేపితే, అంచు దగ్గరికి రాగానే కడ్డీ ఒక పిసరు తిరుగుతుంది. ఆ తిరగడం కంటికి కనపడదు, ఎడమ చేతి చూపుడు వేలికి తెలుస్తుంది. తర్వాత ఇంకోటి బిగుసుకుంటుంది. మొదటిసారి ఆ 'టిక్' వేలికి తగిలినప్పుడు రాత్రి ఒంటిగంటయింది, నేను నిజంగా ఎవరినైనా లేపి చెబుదామా అనుకున్నాను.

అంటే తాళం తెరుచుకునేది మన పుల్ల గొప్పతనం వల్ల కాదు, ఫ్యాక్టరీ వాడి పిసినారితనం వల్ల. కొలతల్లో వాడు ఎంత వదిలేశాడో అంతే మనకి దొరుకుతుంది. కోఠీలో కొన్న ఆ తాళాన్ని (పేరు చెప్పను, పెద్ద పేరే) చివరికి రంపంతో కోసి విప్పి చూస్తే ఐదు పిన్నుల్లో నాలుగు దాదాపు ఒకే ఎత్తు. చెవి మీద పళ్ళు చూడండి, ఎగుడుదిగుడులు లేకుండా దాదాపు చదునుగా ఉంటే మీదీ అంతే. కొనేటప్పుడు బరువు చూస్తాం, ఇత్తడి మెరుపు చూస్తాం, చెవి పళ్ళు ఎవరూ చూడరు. నేను ఇప్పుడు చూస్తాను. ఈ ఒక్క చూపు కోసమైనా ఆ మూడు ఆదివారాలూ ఖర్చు పెట్టొచ్చు.

మా ఆఫీసు కుర్రాడొకడు నన్ను చూసి ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించుకున్నాడు. పదిహేను పుల్లలు, లోపల అంతా కనపడే ప్లాస్టిక్ తాళం, తోలు సంచి. రెండు రోజుల్లో ఆ అద్దంలాంటి తాళాన్ని టకటకా తెరుస్తున్నాడు, నిజం తాళం ఇస్తే చేతకాలేదు. పుల్ల ఎందుకు అంత సన్నగా ఉందో, ఎంతదాకా వంగి ఎక్కడ ఆగుతుందో వాడికి తెలియదు, ఎందుకంటే వాడు దాన్ని చేయలేదు. నా పుల్ల ఎంత బరువుకి వంగుతుందో నాకు తెలుసు, అంత బరువు పెట్టిన మూడు చచ్చాయి కాబట్టి. కొన్నవాళ్ళని తక్కువ చేయడం లేదు. కొంచెం చేస్తున్నాను.

సరే, అసలు గొడవకి వస్తాను. "బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటూ ఇదేం పాడుపనిరా, నువ్వు నేర్చుకుని ఇంకొకరికి చెప్పి, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ?" ఇది మా అమ్మ. మేనమామ అన్నది ఇంతకన్నా ఘాటుగా ఉంది. ఆఫీసులో వాళ్ళు నవ్వుతూ అన్నారు గానీ అన్నది అదే.

అమ్మకి నేను ఈనాడు చూపించాను. ఏ రోజు పేపరైనా, ఏ జిల్లా ఎడిషనైనా. ఇంటి దొంగతనం వార్తలో మాట ఎప్పుడూ ఒకటే, "తాళాలు పగలగొట్టి". తెరిచి అని ఉండదు, పగలగొట్టి అనే ఉంటుంది. గడ్డపార చాలు, కట్టర్ చాలు. మూడు ఆదివారాలు కూర్చుని ఎమిరీ పేపరు రుద్దే ఓపిక ఉన్నవాడు దొంగతనానికి ఎందుకెళ్తాడు? అంతకుముందు కాలంలో అయితే తాళం జోలికే వెళ్ళేవాళ్ళు కాదు, మట్టి గోడకి కన్నం వేసేవాళ్ళు. కన్నపు దొంగ అన్నాం గానీ తాళపు దొంగ అన్న మాట మన భాషలో నేనైతే వినలేదు.

ఈ గొడవ నాతో మొదలైందీ కాదు. లండన్‌లో బ్రామా అనే కంపెనీ తన తాళాన్ని 1790 నుంచి పికడిల్లీలోని కొట్టు కిటికీలో పెట్టి, దీన్ని తెరిచే పనిముట్టు చేసినవాడికి 200 గినీలు (అప్పటి ఇంగ్లీషు డబ్బు) ఇస్తామని బోర్డు రాసి పెట్టింది. అరవై ఏళ్ళు ఎవడూ తెరవలేదు. 1851లో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ జరిగినప్పుడు అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అని తాళాల కంపెనీ మనిషి వచ్చాడు. ముందు చబ్ అనే ఇంకో ఇంగ్లీషు కంపెనీ తాళాన్ని, ఎవరైనా కెలికితే బిగుసుకుపోయి యజమానికి ఆ సంగతి తెలియజేసే తాళాన్ని, 25 నిమిషాల్లో తెరిచి మళ్ళీ వేసి చూపించాడు. తర్వాత బ్రామా తాళం మీద 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని, సొంతంగా చేసుకున్న పనిముట్లతో దాన్నీ తెరిచాడు. లండన్ పేపర్లు గగ్గోలు పెట్టాయి. ఇలాంటివి బయటపెడితే దొంగలకి నేర్పినట్టు కాదా అని అప్పుడూ అడిగారు, మా అమ్మ మాటే. హాబ్స్ వాదన ఏంటంటే, దొంగలకి వాళ్ళ వృత్తి మనం నేర్పక్కర్లేదు, తెలియనిది కొనుక్కునే జనానికే. ఒకటి ఒప్పుకోవాలి, ఆయన పుణ్యానికి చేయలేదు, తన కంపెనీ తాళాలు అమ్ముకోవడానికి చేశాడు. కొన్నేళ్ళకి యేల్ కొడుకు ఆ కంపెనీ తాళాన్నే తెరిచి చూపించాడు, సంతోషం. కానీ లాభపడింది ఎవరు? ఆ తిట్టుకోవడంలో తాళాలు బాగుపడ్డాయి.

ఇక పోలీసుల సంగతి చూడండి. పండగకి ఊరెళ్తుంటే స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి అంటారు. ఆంధ్రలో అయితే ఎల్‌హెచ్‌ఎంఎస్ అని, తాళం వేసిన ఇంటికి వాళ్ళే కెమెరా పెట్టే పద్ధతి ఉంది. అంటే తాళాన్ని పోలీసులే నమ్మడం లేదు. నమ్ముతున్నది మనం. నమ్మి, చెవిని మాత్రం మీటరు బాక్సులోనో చెప్పుల స్టాండు కింద ఎడమకాలి బూటులోనో పెట్టి పనమ్మాయికి ఫోను చేసి చెబుతాం.

"తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అని ఊరికే అనలేదు. పుల్లలతో మూడు నెలలు కుస్తీ పట్టాక ఒక సాయంత్రం మా గేటు తాళం వైపు కాకుండా అది వేలాడే గొళ్ళెం వైపు చూశాను. గేటు ఇనుముదే, గొళ్ళెం పట్టీ మాత్రం పక్కనున్న చెక్క ఫ్రేముకి నాలుగు అరంగుళం స్క్రూలతో ఉంది. రెండు తుప్పు పట్టాయి, ఒకటి వేలితో తిరిగింది. ఇన్నాళ్ళూ నేను వందల రూపాయల తాళాన్ని ఆ స్క్రూలకి వేలాడదీశాను. కొత్త తాళం కొనలేదు. ఫ్రేము ఇవతల నుంచి అవతలికి పోయే నాలుగు బోల్టులు, లోపలి వైపు నట్లు, కొత్త గొళ్ళెం, అన్నీ కలిపి మూడొందల యాభై. పుల్లలు చేయడం నేర్చుకోకపోతే ఆ డబ్బుతో ఇంకా బరువైన కప్ప కొని అవే స్క్రూలకి తగిలించేవాణ్ణి. తాళం లోపల ఎంత బోలుతనం ఉందో చేత్తో తడిమినవాడికి తప్ప మిగతావాళ్ళకి గొళ్ళెం వైపు చూడబుద్ధి కాదు, నా వాదన మొత్తం ఇంతే.

అయితే నా వాదనలో నాకే గుచ్చుకునే ముల్లొకటి ఉంది, అది దాచి రాస్తే అబద్ధమవుతుంది.

ఈ పుల్లలు నా ఆఫీసు బ్యాగులో ఉంటాయి. ఒకసారి మెట్రోలో స్కానింగు దగ్గర ఆపి ఏంటివి అని అడిగారు. "హాబీ అండీ" అన్నాను. ఐడీ కార్డు మెడలో ఉంది, ఇంగ్లీషు ముక్కలు రెండు పడ్డాయి, నవ్వి పంపేశారు. అదే పుల్లలు మూసాపేట భాయ్ పెట్టెలో ఉంటాయి, ఆయనకి అది కూడు. రాత్రి పనికి వెళ్ళొస్తుంటే పెట్రోలింగ్ వాళ్ళు ఆపి పెట్టె మొత్తం రోడ్డు మీద పోయిస్తారట. ఆ రాత్రి నన్ను "ఇల్లు మీదేనా" అని ఎందుకడిగాడో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాకు కోపమొచ్చింది, ఆయనకి భయముంది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక క్లాజు ఉండేది. ఇంటికి కన్నం వేసే పనిముట్టు ఏదైనా సరైన కారణం లేకుండా దగ్గరుంటే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, కారణం సరైనదేనని నిరూపించుకునే బరువు ఆ మనిషిదే. పుల్ల ఒకటే, కారణం ఎవరు చెబితే నమ్ముతారన్నదే ప్రశ్న. కొందరు చెబితే నమ్మనక్కర్లేదని రాసిపెట్టిన చట్టం కూడా ఉండేది. 1871లో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు కింద కులాలకు కులాల్నే పుట్టుకతో నేరస్థులని రాసేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి కాపలాలో పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. 1952లో ఆ చట్టం పోయింది, ఊరి పేరుకి అంటుకున్నది పోలేదు. ఇప్పటికీ దొంగల సినిమా అంటే ఆ పేరు వాడుకుంటారు. ఆ ఊరి కుర్రాడొకడు నాలాగే డాల్డా డబ్బాలోంచి బ్లేడు తీసి సరదాకి అరగదీసుకుని, బస్సులో బ్యాగులో పెట్టుకు వెళ్తే? హాబీ అండీ అంటే నవ్వి పంపేస్తారా?

అందుకని "ప్రతివాడూ నేర్చుకోవాలి" అని చెప్పాలనుకున్న వాక్యం రెండుసార్లు రాసి కొట్టేశాను. జపాన్‌లో అయితే 2003లో చట్టమే తెచ్చారు, సరైన కారణం లేకుండా ఈ పనిముట్లు దగ్గర ఉంచుకోవడమే నేరం. జర్మనీలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. హాంబర్గ్‌లో 1997లో మొదలైన క్లబ్బు ఒకటి తాళాలు తెరవడాన్ని ఆటలా ఆడిస్తుంది, పోటీలు పెడుతుంది. ఇలాంటి క్లబ్బులన్నిటా రెండే నియమాలు వినిపిస్తాయి. నీది కాని తాళం ముట్టుకోకు. నీదే అయినా వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకు.

మొదటిది చెప్పక్కర్లేదు. రెండోది నాకు పోయిన మాఘమాసంలో అర్థమైంది. మర్నాడు పొద్దున్నే మా మరదలి పెళ్ళి. రాత్రి ఖాళీగా ఉన్నాను, బీరువా తాళం ఎదురుగా ఉంది. అది పిన్ను తాళం కాదు, లివర్లది, అంటే లోపల పిన్నులకి బదులు పైకి లేచే పలకలుంటాయి. లివరు తాళంలో ప్రతి లివరూ సరిగ్గా ఇంత ఎత్తుకే లేవాలి, తక్కువైనా ఎక్కువైనా గడియ కదలదు. 1778లో రాబర్ట్ బారన్ అనే ఇంగ్లీషువాడు చేసిన ఏర్పాటు అది, ఇప్పటికీ మన బీరువాల్లో అదే నడుస్తోంది. దానికి సన్న పుల్లలు కాదు, వేరే రకం గట్టి పుల్లలు కావాలి. నాకు తెలుసు. తెలిసీ హై స్పీడ్ స్టీలు బ్లేడుతో చేసిన పుల్ల పెట్టి లేపాను. టప్. కొస లోపల ఉండిపోయింది. చెవి సగం దూరి ఆగిపోయింది. మా ఆవిడ పట్టుచీర, నగలు, పెళ్ళికూతురికి పెట్టాల్సిన గొలుసు, అన్నీ లోపల.

ఆవిడ ఏమీ అనలేదు. ఫోను తీసి, నంబరు వెతికి, నా చేతిలో పెట్టింది.

భాయ్ పన్నెండింటికి వచ్చాడు. ఈసారి ఇల్లు మీదేనా అని అడగలేదు. టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు పల్చటి రేకులు చెరో వైపు దూర్చి, విరిగిన ముక్కని చీమ గింజని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చాడు. పావుగంట పట్టింది. అరచేతిలో వేసుకుని చూసి, "ఇది ఎవరు చేసిన్రు?" అన్నాడు. నేనే అన్నాను. పిల్లాడిలా వెళ్ళి మిగతా పుల్లలు కూడా తెచ్చి చూపించాను, ఎందుకు తెచ్చానో తెలియదు, మెచ్చుకుంటాడనుకున్నానేమో. బై-మెటల్ పుల్ల తీసుకుని అంచు మీద బొటనవేలి గోరు నడిపాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగాడు.

"మీరు కత్తి చేసిన్రు సార్" అన్నాడు.

గడప దగ్గర కడప బండ మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, పుల్లని ఏటవాలుగా పట్టుకుని అటూ ఇటూ పదిసార్లు గుండ్రంగా రుద్ది, లాల్చీకి తుడిచి ఇచ్చాడు. నేను గోరు నడిపాను. ఎక్కడా ఆగలేదు. నా ఎమిరీ పేపర్లు, రెండు గంటలు.

డబ్బు ఇవ్వబోతే పనికి మాత్రం తీసుకున్నాడు. బాబాయి ఇచ్చిన బ్లేడు ముక్కలు ఇంకా ఉన్నాయా అని అడిగాడు, అలాంటివి ఈమధ్య దొరకడం లేదట. నాలుగిచ్చాను. వాటిని వంచి వదిలి చూసుకుని, రెండు వెనక్కి ఇచ్చేసి, రెండు పేపర్లో చుట్టాడు. బండి స్టార్ట్ చేసే ముందు పెట్టె తెరిచి, కత్తిరించని ఇత్తడి చెవుల గుత్తులన్నీ పైకి తీసి, ఆ పొట్లాన్ని అట్టడుగున పెట్టి, దాని మీద ఆధార్ జిరాక్సు, దాని మీద చెవుల గుత్తులు సర్దుకున్నాడు.